గంధకం చీటీ ఏ కుప్పలో పెట్టాలి?

2020 జూలైలో నా కంప్యూటర్‌లో “చదవాలి” అనే ఫోల్డరు ఒకటి పుట్టింది. దసరా నాటికి దాని పక్కన “చదవాలి 2”, “ముఖ్యం”, “చాలా ముఖ్యం”, “ముందు ఇది” కూడా వచ్చి కూర్చున్నాయి. అన్నింటిలో కలిపి 400 పైచిలుకు లింకులు. దాదాపు అన్నీ ఒకే విషయం మీద: మనిషి వెతికేది వెతికినచోట దొరకాలంటే సమాచారాన్ని ఎలా అమర్చాలి అని. ఒకరోజు మా మేనేజరుగారు “కార్డులతో ఏదో పరీక్ష చేస్తారని చెప్పారు కదా, ఆ వ్యాసం ఒకసారి పంపండి” అన్నారు. ముప్పావు గంట ఆ అయిదు ఫోల్డర్లూ తవ్వి, దొరక్క, గూగుల్‌లో మళ్ళీ మొదటి నుంచి వెతికి పంపాను. ఆయనకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

నేను చదివింది లైబ్రరీ సైన్స్. ఆ ఉద్యోగాలు ఎలా పడతాయో ఆ చదువు చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో తెలుగు రాసే పనికి చేరాను. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్లకూ రైతులకూ మధ్య నడిచే యాప్ అది. బటన్ మీద ఏ మాట ఉండాలో రాయడం నా పని. లాక్‌డౌన్‌లో మా డిజైనర్ మానేసి సొంత ఊరు వెళ్ళిపోయాడు. మేనేజరుగారు నన్ను పిలిచి “మీరు పుస్తకాలు సర్దే చదువు చదివారు కదమ్మా, ఈ మెనూలు సర్దే పని కూడా మీరే చూడండి” అన్నారు. వెటకారం లేదు, నిజంగానే రెండూ ఒకటే అనుకున్నారు. అప్పుడు నవ్వుకున్నాను గానీ ఆయన మాట సగానికి పైగా నిజమని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

నేర్పేవాళ్ళు దగ్గరలో లేరు కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. ముందు దొరికింది నీల్సన్ నార్మన్ గ్రూప్. వెబ్‌సైట్లూ యాప్‌లూ వాడేవాళ్ళకు తేలికగా ఉన్నాయా లేదా అని పరిశోధించడానికి జేకబ్ నీల్సన్, డాన్ నార్మన్ కలిసి 1998లో పెట్టిన సంస్థ. నీల్సన్ వ్యాసాలైతే 1995 నుంచీ ఉన్నాయి, డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు. బెత్తం పట్టుకుని పాఠం చెప్పే పాతకాలపు మాస్టారి ధోరణి. కొందరికి అది నచ్చదు, నాకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత జెస్సీ జేమ్స్ గారెట్ అనే డిజైనర్ 2000లో గీసిన బొమ్మ చూశాను, వెబ్‌సైటును పొరలు పొరలుగా ఎలా ఆలోచించాలో చూపేది. ఒకే ఒక్క పేజీ. ఆ పొరలకు తర్వాత పుస్తకంలో ఆయన పెట్టిన పేర్లు ఇవి: అడుగున వ్యూహం, దాని మీద పరిధి, ఆపైన నిర్మాణం, ఆపైన అస్థిపంజరం, అన్నింటికీ పైన కంటికి కనబడే పైపొర, నా మాటల్లో చర్మం. అది చూశాక మా ఆఫీసులో వారం రోజులు నడిచిన గొడవ ఒకటి గుర్తొచ్చి సిగ్గేసింది. బటన్‌కు ఏ ఆకుపచ్చ వేయాలా అని నలుగురం కొట్టుకున్నాం. అంటే చర్మం దగ్గరే ఉన్నాం. లోపల ఎముకలు ఎటు తిరిగి ఉన్నాయో ఎవరమూ చూడలేదు.

మొదటి ఆరు నెలలూ చదవడం తప్ప చేసింది లేదు. “పది చిట్కాలు”, “ఏడు సూత్రాలు” తరహా వ్యాసాలు పల్లీల్లా నోట్లో వేసుకుంటూ పోయాను. కడుపు నిండినట్లే ఉంటుంది, గంట తర్వాత ఏమీ ఉండదు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. శనివారం ఒక్క వ్యాసం, దాని సారం నోటుపుస్తకంలో ఒక పేజీ, అదీ తెలుగులోనే. ఇంగ్లీషు మాటను ఇంగ్లీషులోనే ఎత్తి రాసుకున్నంత కాలం అర్థమైందనే భ్రమ ఉంటుంది. తెలుగులో రాయబోతే కలం ఆగుతుంది, ఆగినచోటే మనకు అర్థం కాలేదని తెలుస్తుంది. “నావిగేషన్” అని ఆరు నెలలు రాసిన దాన్ని “దారి” అని రాసుకున్న రోజున, మా యాప్‌లో దారులు ఎక్కడ మూసుకుపోయాయో రెండు పేజీలు గడగడా రాసేశాను.

మొదట కంటపడినది చిన్న తప్పే. పంటల జాబితాలో వరస ఇలా ఉండేది: వంగ, మిరప, పత్తి, మొక్కజొన్న, వరి, కంది, టమాట. రోజూ చూస్తున్న జాబితానే. ఇదేమి వరస అని ఒక్కరం కూడా అడగలేదు. ఆ వారం రిచర్డ్ సాల్ వుర్మన్ గురించి చదువుతున్నాను. 1976లో అమెరికా భవన నిర్మాణ శిల్పుల సదస్సులో “సమాచార వాస్తుశిల్పం” అనే మాటను ముందుకు తెచ్చిన మనిషి. దేన్ని అమర్చాలన్నా అయిదే మార్గాలు అంటాడాయన: చోటు, అక్షరక్రమం, కాలం, రకం, తక్కువ నుంచి ఎక్కువ. మరి మాది ఈ అయిదింటిలో ఏది? పేర్లను ఇంగ్లీషులో పలికి చూస్తే తెలిసింది. బ్రింజాల్, చిల్లీ, కాటన్, మెయిజ్, ప్యాడీ, రెడ్ గ్రామ్, టొమాటో. లోపల ఇంగ్లీషు అక్షరక్రమం, పైన తెలుగు ముసుగు. గుంటూరు జిల్లాలో యాప్ తెరిచిన రైతుకు మొట్టమొదట వంకాయ కనబడేది అందుకే.

సరే, తెలుగు అక్షరక్రమంలో పెడదామనుకున్నాను. అక్కడ ఇంకో చిక్కు. మనం బడిలో నేర్చుకున్న వరసలో ళ, క్ష, ఱ చివర వస్తాయి. కంప్యూటర్ వాడే యూనికోడ్ పట్టికలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉంటాయి. అది పెద్ద ఇబ్బంది కాదు లెండి. అసలు ఇబ్బంది, అక్షరక్రమం పట్టుకుని వెతికే రైతు నాకు ఒక్కడూ కనబడలేదు. జిల్లాలో ఎక్కువగా వేసే పంటలు పైన, తక్కువగా వేసేవి కింద పెట్టాం. మిరప పైకి వచ్చింది. ఫిర్యాదులు ఆగాయి.

ఆ ఉత్సాహంలోనే మేనేజరుగారు ఎక్కడో చదివి వచ్చి, మెనూలో ఏడుకు మించి ఉండకూడదని పట్టుబట్టారు. ఈ ఏడు గోల అందరికీ ఒకసారి తగులుతుంది. మూలం 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త రాసిన వ్యాసం. మనిషి ఒకసారి విని మనసులో నిలుపుకోగలిగినవి ఏడుకు రెండు అటూ ఇటూ అని అందులో ఉంది. మెనూను ఎవరూ బట్టీ పట్టరు కదా, కళ్ళ ముందే ఉంటుంది. ఈ మాట చెప్పడానికి నాకు రెండు సమావేశాలు పట్టాయి. ఆయన ఒప్పుకోలేదు, కానీ అడగడం మానేశారు. ఆఫీసులో దాన్నే గెలుపు అంటారు.

2021 ఆగస్టులో కార్డుల పరీక్ష పెట్టుకున్నాం. పద్ధతి తేలికే. యాప్‌లో ఉన్న ఒక్కో సరుకు పేరూ ఒక్కో చీటీ మీద రాసి, వాడేవాళ్ళ చేతిలో పెట్టి “మీకు తోచినట్లు కుప్పలు పెట్టండి, ఒక్కో కుప్పకు పేరు చెప్పండి” అనాలి. ఈ పద్ధతి మీద డోనా స్పెన్సర్ రాసినవి చదివి సిద్ధమయ్యాను. 44 చీటీలు. చదవడం రానివాళ్ళు ఉంటారని ప్రతి చీటీ మీద సంచి ఫొటోనో సీసా ఫొటోనో అంటించాను. పనిచేసింది ఫొటోలే. చదువొచ్చినవాళ్ళు కూడా అక్షరాలు చూడలేదు, మూత రంగు చూసి గుర్తుపట్టారు.

ఎంతమందితో చేయాలన్న దగ్గర తప్పులో కాలేశాను. “అయిదుగురు చాలు” అన్నది నీల్సన్ 2000లో చెప్పిన ప్రసిద్ధమైన మాట. ఆ ధైర్యంతో అయిదుగురితో చేసుకుని వచ్చాను. అయిదు రకాల కుప్పలు వచ్చాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. వారం తల పట్టుకుని కూర్చున్నాక, అదే నీల్సన్ 2004లో రాసిన మరో వ్యాసం కనబడింది. తయారైన తెరలో తప్పులు పట్టడానికి అయిదుగురు చాలు, జనం మనసులో అమరిక ఎలా ఉందో తెలుసుకోవాలంటే 15 మంది కావాలి అని. ఆ వ్యాసం నా “చాలా ముఖ్యం” ఫోల్డరులో పది నెలలుగా తెరవకుండా పడి ఉంది.

మళ్ళీ బయలుదేరాను. ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో ఎరువుల కొట్టు ముందు అరుగు. పొద్దున ఏడు. పైన మబ్బు, ఒకటే గాలి. చీటీలు ఎగిరిపోతుంటే కొట్టు గుమస్తా తూకం రాళ్ళు తెచ్చి ఇచ్చాడు. రెండో మనిషి అరవై దాటిన పెద్దాయన. తువ్వాలు పరుచుకుని కూర్చుని, చీటీలు పేకముక్కల్లా చకచకా పంచేస్తున్నాడు. గంధకం చీటీ దగ్గర చెయ్యి ఆగింది.

“అమ్మాయీ, ఇది ఇంకోటి ఉందా?”

“లేదండీ, ఒక్కటే. మీకు ఎక్కడ పెట్టాలనిపిస్తే అక్కడ పెట్టండి.”

“నల్లికి ఇదే కొడతాం, బూడిద తెగులు వచ్చినా ఇదే కొడతాం. ఒక్కటే ఇస్తే ఎట్లా?”

కాసేపు ఆలోచించి, రెండు కుప్పలనూ దగ్గరికి జరిపి, ఆ చీటీని రెండింటి మీదా వంతెనలా పడుకోబెట్టాడు. దాని మీద ఒక తూకం రాయి పెట్టి తర్వాతి చీటీ తీసుకున్నాడు.

నేను పెట్టుకున్న నియమం ప్రకారం ఒక చీటీ ఒకే కుప్పలో ఉండాలి. నేను నోటుపుస్తకంలో “నియమం పాటించలేదు” అని రాసుకున్నాను. తర్వాత వచ్చినామె ఎకరంన్నర కౌలుకు చేస్తున్న రైతు. ఆమె కూడా గంధకం దగ్గరే ఆగి, ఇంకో చీటీ రాసివ్వమంది. వేపనూనెకైతే నాలుగు చీటీలు అడిగింది. నాలుగో మనిషి కూడా అదే అడిగేసరికి, నియమం పాటించనిది వాళ్ళు కాదని నా బుర్రకు ఎక్కింది. మా యాప్‌లో గంధకం శిలీంద్ర నాశకాల కింద ఒక్కచోటే ఉంది. నల్లి పట్టిన రైతు శిలీంద్రాల గదిలోకి ఎందుకు వెళతాడు?

ఇంకొకటి కూడా ఆ అరుగు మీదే తెలిసింది. మాకు పెద్ద తలనొప్పి “మందు” అనే మాట. ఊళ్ళో యూరియా కట్టా మందే, పురుగుమందు సీసా కూడా మందే. అందుకని ఆఫీసులో ఆ మాటను నిషేధించి “ఎరువులు”, “సస్య రక్షణ” అని రాశాం. ఇక్కడ చూస్తే వాళ్ళకు ఏ గందరగోళమూ లేదు, ఎందుకంటే తేడా అంతా క్రియలో ఉంది. ఎరువైతే మందు “వేస్తారు”. పిచికారీ అయితే మందు “కొడతారు”. 15 మందిలో 11 మంది అన్నింటికంటే ముందు చేసిన విభజన ఇదే: నేలలో వేసేవి ఒక పక్క, పైరు మీద కొట్టేవి ఒక పక్క. మేం పేర్ల కోసం నామవాచకాల్లో తడుముకుంటూ కూర్చున్నాం. తీరా “కొట్టే మందులు” అని పేరు పెడదామంటే మేనేజరుగారు ఒప్పుకోలేదు. “హైదరాబాద్ వాళ్ళు చూస్తే ఇది ఏ కొట్టుడు అనుకుంటారమ్మా?” అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. “నేలలో వేసేవి”, “పైరు మీద కొట్టేవి” అని తేల్చాం.

ఆ రాత్రి రెండు కుప్పల మీదా పడుకున్న గంధకం చీటీ కోసం ఏం చదవాలో వెతికాను. ఒకే వస్తువు పలుచోట్ల దొరకాలంటే దాన్ని ముఖాలుగా, అంటే ఒక్కో వైపు నుంచి చూసి, విడగొట్టి వర్గీకరించాలని ఒక ఇంగ్లీషు వ్యాసం. కిందికి జరుపుకుంటూ పోతే అక్కడ ఎస్.ఆర్. రంగనాథన్ పేరు. కుర్చీలో వెనక్కి వాలిపోయాను. రంగనాథన్ నాకు కొత్తా? పరీక్షకు పది మార్కుల ప్రశ్న. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం అని బట్టీ పట్టి రాసి, హాలు దాటగానే మరిచిపోయాను. లెక్కల మాస్టారుగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యి, చదువు కోసం లండన్ వెళ్ళి, అక్కడ ఒక దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూశారు. అవే ముక్కలు బిగించి ఒకసారి బండి, ఒకసారి వంతెన. పుస్తకం విషయాన్ని కూడా ఇలా ముక్కలుగా చూసి అవసరాన్ని బట్టి బిగించుకోవచ్చు కదా అనుకున్నారు. దాని నుంచి వచ్చిందే పుస్తకాలు సర్దడానికి ఆయన తయారుచేసిన 1933 నాటి కోలన్ వర్గీకరణ. లైబ్రరీల్లో ఎక్కువగా కనబడే డ్యూయీ పద్ధతిలో ప్రతి విషయానికీ ముందే కట్టి ఉంచిన ఒక గది ఉంటుంది. రంగనాథన్ పద్ధతిలో గది కంటే ముందు ప్రశ్నలు ఉంటాయి. ఇది దేని గురించి, దానికి ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎప్పుడు అని.

సమాచార వాస్తుశిల్పం మీద రోసెన్‌ఫెల్డ్, మోర్విల్ 1998లో రాసిన పుస్తకాన్ని ఈ రంగంలో అందరూ అట్ట మీది ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో గుర్తుపెట్టుకుంటారు. వాళ్ళిద్దరూ లైబ్రరీ చదువుల నుంచి వచ్చినవాళ్ళేనని కూడా ఆ వారమే తెలిసింది. ఏడాది పాటు నేను కొత్త విద్య అనుకుని ఇంగ్లీషులో వెంటపడినది, గేటు దాకా వచ్చి నేను వదిలేసి వెళ్ళిన నా సొంత ఇల్లే. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మా మేనేజరుగారి “పుస్తకాలు సర్దే చదువు” మాట గుర్తొచ్చి నవ్వు మాత్రం వచ్చింది.

పంట ఒక ముఖం. కంటికి కనబడే బాధ ఒక ముఖం. పైరు దశ ఒక ముఖం: నారుమడి, నాటు, పూత, కాత. రంగనాథన్‌గారు దీన్ని ఒప్పుకుంటారో లేదో గానీ మాకు సరిపోయింది. గంధకం ఇప్పుడు నల్లి దారిలోనూ ఉంది, బూడిద దారిలోనూ ఉంది. బాధల పేర్లు రాయడంలో మాత్రం చాలా రోజులు కుస్తీ పట్టాను. పాత మెనూలో “రసం పీల్చే పురుగులు” అని ఒకటి, “నల్లి నాశకాలు” అని వేరే ఒకటి ఉండేవి. శాస్త్రం ప్రకారం అది సరైనదే, నల్లికి ఎనిమిది కాళ్ళు, అది పురుగు కాదు, సాలీడు బంధువు. కానీ రైతు కాళ్ళు లెక్కపెట్టడు, ఆకు చూస్తాడు. తామర పురుగు పడితే మిరపాకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటుంది. ఊళ్ళో వాటిని పై ముడత, కింది ముడత అనే అంటారు. ఆ రెండు పేర్లే పెట్టి, పక్కన రెండు ఆకుల బొమ్మలు వేశాం.

తర్వాత ఆ కొత్త అమరికను కాగితం మీదే పరీక్షించాం. మొదటి చీటీ మీద పై వరస పేర్లు మాత్రమే. ఏది ఎంచుకుంటే దాని కింద ఉన్నవి రాసిన రెండో చీటీ చూపించాలి. రంగులు లేవు, బొమ్మలు లేవు, ఉత్త దారి. ఇది కూడా స్పెన్సర్ దగ్గర నేర్చుకున్నదే. “ఆకు కిందికి ముడుచుకుంది, ఏం కొడతారో వెతకండి” అని అడిగితే పాత మెనూతో అయిదుగురిలో ఒక్కరు చేరుకున్నారు. కొత్తదానితో నలుగురు. మేనేజరుగారు ఆ కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పది నిమిషాల తర్వాత బయటికి వచ్చి “కట్టేయండి” అన్నారు.

అది నవంబరులో రైతుల ఫోన్లలోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నల్ల తామర పురుగు విరుచుకుపడింది. ఆ శీతాకాలం గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ జిల్లాల మిరప రైతులు మరిచిపోయేది కాదు. కొత్త పురుగు. పాత తామర పురుగులా ఆకులను పట్టుకుని ఉండదు, గుంపులుగా పువ్వుల్లో చేరుతుంది, పూత రాలిపోతుంది. మా వెతుకు పెట్టెలో రైతులు టైపు చేసినవి రోజూ చూసేదాన్ని. “పువ్వులో పురుగు”, “నల్ల పురుగు”, “పూత రాలుతోంది”, “కొత్త పురుగు”. శాస్త్రీయ నామం తెలిసేదాకా ఆగనక్కరలేకపోయింది. మిరప కింద, పూత దశలో “పువ్వులో నల్ల పురుగులు” అని ఒక్క వరస చేర్చి, దాని కింద నిపుణుల సూచనలు పెట్టాం. అరగంట పని. పాత మెనూ అయితే దీన్ని ఏ గదిలో పెట్టాలన్న చర్చకే పండుగ వచ్చేసేది. దారి దొరికినంత మాత్రాన పంట దక్కలేదు, అది కూడా చెప్పాలి. ఏం కొట్టినా లొంగని పురుగు అది. అరుగు మీద చీటీలు పంచిన ఆ పెద్దాయన జనవరిలో తోట దున్నేశారని గుమస్తా ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు నేను అనుసరించేవి మూడే. నీల్సన్ నార్మన్ గ్రూప్ వ్యాసాలు, వారానికి ఒకటి. అబ్బీ కవర్ట్ 2014లో రాసిన పుస్తకం, ఎలాంటి గజిబిజినైనా ఎలా చక్కబెట్టాలో చెప్పేది. ఆన్‌లైన్‌లోనే ఉచితంగా చదవవచ్చు. ఎక్కడైనా చిక్కుపడితే ఏదో ఒక పేజీ తెరుస్తాను. మూడోది నా పాత లైబ్రరీ సైన్స్ నోట్సు, అమ్మ అటక మీద నుంచి దింపించాను. 400 లింకుల ఫోల్డర్లన్నీ ఒక ఆదివారం కూర్చుని చెరిపేశాను. వాటి జాగాలో నాలుగు ఉన్నాయి: “పేరు ఏం పెట్టాలి”, “ఎక్కడ పెట్టాలి”, “దొరుకుతోందా”, “ఎవరిని అడగాలి”.

పోయిన వారం ఖమ్మం నుంచి ఒక కొట్టు యజమాని ఫోను చేశారు.

“మేడమ్, మీ దాంట్లో పల్లీ లేదు.”

“ఉందండీ, వేరుశనగ అని ఉంటుంది చూడండి.”

“చూశాను. నేను వెతికింది పల్లీ.”

మొదట్లో, రాయలసీమవాళ్ళు బుడ్డలు అంటారని గుర్తుపెట్టుకుని అది మాత్రం చేర్చాను. పల్లీ వదిలేశాను. ఆ వ్యాసాలు నమలడాన్ని పల్లీలు తినడంతో పోల్చింది నేనే. ఫోను పెట్టేసి ఆ మాట చేర్చాను. బీరువాలోంచి చీటీల కట్ట తీసి, 16 కొత్త చీటీలు కత్తిరించి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం ఖమ్మం బస్సు ఎక్కుతున్నాను. గంధకానికి మూడు చీటీలు రాశాను.